రెండు షిఫ్టుల మధ్య సమయాన్ని వదులుకోకు

చిరంజీవి సుధకు,

పెద్దమ్మ ఆశీస్సులు. డయాలసిస్ యూనిట్‌కి ఇన్‌చార్జి సిస్టర్‌వి అయ్యావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. కవిటి, సోంపేట వైపు నుంచి వచ్చే పేషెంట్లే ఎక్కువటగా. ఉద్దానం వాళ్లకి కిడ్నీ జబ్బు ఒక్కటే మోయలేని భారం. దానికి తోడు మన దగ్గరికి వచ్చి రక్తం ద్వారా అంటుకునే కాలేయ జబ్బు హెపటైటిస్ సి కూడా తగిలించుకుని వెళ్తే ఆ తప్పు మనదే. అందుకే ఇంత పెద్ద ఉత్తరం.

పాజిటివ్ వాళ్లకి వేరే మెషిన్ పెట్టాలా అని అడిగావు. హెపటైటిస్ బి అయితే వేరే గది, వేరే మెషిన్ తప్పనిసరి. సి విషయంలో మాత్రం కేడీగో (కిడ్నీ జబ్బుల అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు వేరే మెషిన్ కేటాయించమని చెప్పవు. ఈ వైరస్ ఎక్కువగా మన చేతుల మీద, ట్రేల మీద తిరుగుతుంది. వేరే మెషిన్ పెడితే స్టాఫ్‌కి ధీమా వచ్చి, మిగతా బెడ్ల దగ్గర చేతులు కడగడం తగ్గుతుంది. ఆ మిగతావాళ్లలో కొత్తగా సోకినవాళ్లు ఉన్నా మనకి తెలియదు. వైరస్ చేరాక యాంటీబాడీ టెస్ట్‌లో పాజిటివ్ రావడానికి రెండు మూడు నెలలు పట్టొచ్చు.

నువ్వు అసలు కాపాడుకోవాల్సింది షిఫ్ట్ మారే సమయం. సూదులు తీశాక టెక్నీషియన్ ఫిస్టులా మీద, అంటే చేతిలో సూదులు గుచ్చే రక్తనాళం మీద, గాజ్ గుడ్డ నొక్కి పట్టుకుని ఉంటాడు. పక్క బెడ్ అలారం మోగుతుంది. అదే గ్లోవ్స్‌తో చెయ్యి చాపి అలారం ఆపేస్తాడు. బటన్ మీద మరకేమీ కనిపించదు. తర్వాత వచ్చిన సిస్టర్ ఆ బటన్ నొక్కి, అదే చేత్తో తన పేషెంట్ లైన్ పట్టుకుంటుంది. అంతే, అంటుకోవడానికి అది చాలు. ఎండిపోయిన రక్తంలో ఈ వైరస్ కొన్ని వారాలు బతకగలదు. కాబట్టి ఒక పేషెంట్ లేచి పక్కకి వెళ్లేదాకా ఆ బెడ్ దగ్గరికి తర్వాతి వాళ్ల సామాను రానివ్వకు. కుర్చీ చేతులు, మెషిన్ ముందు భాగం, బీపీ కఫ్, క్లాంపులు, ప్రైమింగ్ బకెట్ (లైన్లు కడిగిన నీళ్లు పట్టేది) అన్నీ క్రిమిసంహారక మందుతో తుడిచి, అది ఆరేదాకా ఆగాలి. బయట ఆటో వెయిటింగ్‌లో ఉందని, ఊరు దూరమని తొందరపెడతారు. వాళ్ల టెన్షన్ నిజమే, అయినా నువ్వు లొంగకు. సమయం చాలకపోతే షిఫ్టుల మధ్య గ్యాప్ పెంచమని డాక్టరు గారికి రాతపూర్వకంగా ఇవ్వు.

రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వయల్‌ని బెడ్ బెడ్‌కీ తిప్పే ట్రాలీ మీద పెట్టనివ్వకు. ఇంజెక్షన్లన్నీ పేషెంట్లకి దూరంగా, శుభ్రమైన చోట లోడ్ చేసి, ఎవరిది వాళ్లకే తీసుకెళ్లాలి. బెడ్ దగ్గరికి వెళ్లిన ప్లాస్టర్, గాజ్ గుడ్డ, సిరంజి వాడకపోయినా మళ్లీ స్టాక్‌లోకి రాకూడదు. వృథా అని స్టోర్ వాళ్లు సణుగుతారు, సణగనీ. లైన్‌లోని రక్తం మెషిన్ లోపలికి పోకుండా అడ్డుపడే ఫిల్టర్, అదే ట్రాన్స్‌డ్యూసర్ ప్రొటెక్టర్, రక్తంతో తడిస్తే వెంటనే మార్చు. దాన్ని దాటి రక్తం లోపలికి వెళ్లిందేమో షిఫ్ట్ అయ్యాక చూడు. వెళ్లి ఉంటే ఇంజినీర్ విప్పి శుభ్రం చేసేదాకా ఆ మెషిన్ మీద ఎవరినీ పెట్టకు.

టెస్టుల సంగతి నీకు తెలిసిందే. చేరేటప్పుడు, వేరే సెంటర్ నుంచి వచ్చినప్పుడు, ఆ తర్వాత ఆరు నెలలకోసారి. పెళ్లికని విశాఖ వెళ్లి అక్కడ రెండు డయాలసిస్‌లు చేయించుకుని వచ్చినవాళ్లనీ మర్చిపోకు. నయమైన వాళ్లకి యాంటీబాడీ పాజిటివ్‌గానే ఉండిపోతుంది. వాళ్లకి వైరస్‌నే నేరుగా పట్టే ఆర్‌ఎన్‌ఏ టెస్టే చేయించాలి, ఎందుకంటే మళ్లీ సోకే అవకాశం ఉంది.

దీనికి టీకా లేదు కానీ మందు ఉంది. సోఫోస్‌బువిర్, వెల్పటాస్‌విర్ కలిసిన మాత్ర సాధారణంగా 12 వారాలు వాడతారు, డయాలసిస్ వాళ్లకీ ఇవ్వొచ్చు. వాడినవాళ్లలో దాదాపు అందరికీ నయమవుతుంది. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తారు. పాజిటివ్ అని తేలిన మనిషి ఇంట్లో కంచం, గ్లాసు వేరు చేస్తారని కుమిలిపోతాడు. కలిసి తింటే ఇది అంటదని ఇంటివాళ్లని కూర్చోబెట్టి నువ్వే చెప్పు. బ్లేడు, టూత్ బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లే వాడుకోవాలి.

ఎప్పుడైనా నెగటివ్ ఉన్నవాళ్లు పాజిటివ్ అయితే దాచొద్దు, దాయనివ్వొద్దు. ఆ రోజే డాక్టరు గారికి చెప్పి, యూనిట్‌లో అందరికీ టెస్టులు చేయించు. గత నెలల్లో ఆ మనిషి ఏ బెడ్ మీద ఉన్నారో, అంతకు ముందు షిఫ్ట్‌లో అక్కడ ఎవరున్నారో రిజిస్టర్ తీసి చూడు. అందుకే బెడ్ నంబరు, మెషిన్ నంబరు ప్రతి సెషన్‌కీ రాయించడం రేపటి నుంచే మొదలుపెట్టు.

ప్రేమతో,
పెద్దమ్మ