షూ సోల్ ఎంత మెత్తగా ఉంటే మోకాళ్లకు అంత మంచిదా?

ప్రశ్న అడిగినాయన తనకు నలభై అయిదేళ్లనీ, ఎనభై ఎనిమిది కిలోలనీ, పొద్దున్నే పరుగు మొదలుపెడదామనుకుంటున్నాననీ రాశారు. బొటనవేలితో నొక్కితే లోపలికి దిగిపోయే జత కొనుక్కోమని షాపువాళ్లు చెబుతున్నారట. వద్దండీ. నా కుడికాలి చీలమండ సాక్షిగా చెబుతున్నాను, వద్దు.

నేను డాక్టర్ని కాను. విజయవాడ ఆటోనగర్లో ఇరవై రెండేళ్లుగా లారీల కమాన్ కట్టలు (లోడు పడ్డప్పుడు స్ప్రింగులా వంగే ఉక్కు పట్టీలు), షాక్ అబ్జార్బర్లు అమ్ముకుని బతుకుతున్నాను. బరువు పడ్డప్పుడు ఏది ఎంత దిగాలి, ఎక్కడ ఆగాలి అన్న లెక్కే మాకు తిండి పెడుతోంది. పాదానికీ నేలకీ మధ్య ఉండే ఆ మందపాటి నురుగు పొర, అదే మిడ్‌సోల్, దానిదీ ఇదే లెక్క.

రెండేళ్ల కిందట మా బావమరిది డాలస్ నుంచి వస్తూ ఒక జత తెచ్చాడు. చిలకపచ్చ రంగు, మడమ కింద మూడు వేళ్ల మందం. మా ఆవిడ చూసి, "ఇవేం బూట్లండీ, కింద పరుపు కుట్టినట్టున్నాయి" అంది. రెండు వారాలు అవి వేసుకుని ప్రకాశం బ్యారేజీ మీద సీతానగరం దాకా వెళ్లి వచ్చాను. రానూ పోనూ రెండున్నర కిలోమీటర్లు. నిజం ఒప్పుకోవాలి, స్వర్గంలా ఉండేది. కాలు నేలకు ఆనినట్టే తెలిసేది కాదు.

ఆ మోజులో ఒక ఆదివారం అవే వేసుకుని పటమటలో మేం షటిల్ ఆడే కోర్టుకు వెళ్లాను. చెక్క ఫ్లోరు. మూడో గేము, పదిహేడు పద్దెనిమిది మీద ఉన్నాం. అవతలి కుర్రాడు కుడి మూలకు నెట్ దగ్గర మెల్లగా వదిలాడు. ఒక్క అంగలో వెళ్లి అందుకున్నాను. కాలు ఆగింది, ఒళ్లు ఆగలేదు. పాదం బయటి అంచు కింద నురుగు అణిగిపోవడం నాకు స్పష్టంగా తెలిసింది. వరిగడ్డి ఎత్తుగా వేసిన ట్రాక్టరు మలుపులో ఒరిగినట్టు మడమ మొత్తం పక్కకు ఒరిగింది. టప్‌మని చప్పుడు. నా పార్ట్‌నర్ "బాబాయ్, కదలకు, కదలకు" అని పరిగెత్తుకొచ్చాడు. బయట సోడా బండి దగ్గర ఐసు తెచ్చి తువ్వాల్లో చుట్టి పెట్టారు. పది నిమిషాల్లో చీలమండ బత్తాయంత అయింది. పక్కన విప్పి పెట్టిన షూ మాత్రం ఏమీ ఎరగనట్టు నిటారుగా కూర్చుని ఉంది, ఎక్కడా ఒక్క మడత లేదు.

ఎముక విరగలేదు, లిగమెంటు సాగింది. ఆరు వారాలు మంచం. ఆ ఖాళీలో కుర్రాడి చేత షాపు నుంచి వెర్నియర్ కొలబద్ద తెప్పించి కొలిచాను. పచ్చ జత మడమ ఎత్తు 38 మిల్లీమీటర్లు. నా పాత షటిల్ షూది 24. ఆ పద్నాలుగు మిల్లీమీటర్లే నన్ను పడేశాయి. ఎత్తు పెరిగేకొద్దీ పక్కకు తోసే బలం పొడుగు గునపంలా పనిచేసి పాదాన్ని తేలిగ్గా ఒరగేస్తుంది. దానికి తోడు మెత్తదనం. మూడు వేడి ఇడ్లీలు ఒకదాని మీద ఒకటి పేర్చి పక్క నుంచి నెట్టి చూడండి.

ఇడ్లీ అని ఊరికే అనలేదు. ఎక్కువ షూలలో ఉండే ఈవీఏ అనే ప్లాస్టిక్ నురుగు లోపల సరిగ్గా ఇడ్లీలా చిన్న చిన్న గాలి గదులే. రోజూ తొక్కగా తొక్కగా ఆ గదులు నలిగిపోతాయి, పైకి మాత్రం షూ కొత్తగానే కనిపిస్తుంది. 2013లో ఆడిడాస్ బూస్ట్ అని కొత్త నురుగు తెచ్చింది. చిన్న గుళికలను ఆవిరితో అతికించి చేస్తారు, అచ్చం బూందీ లడ్డూ. 2017లో నైకీ వేపర్‌ఫ్లై వచ్చింది. దాని నురుగు ఇంకా తేలిక, తొక్కిన బలంలో చాలా భాగం తిరిగి ఇచ్చేస్తుంది, మధ్యలో గట్టి కార్బన్ ప్లేటు, అంటే పల్చటి రేకు లాంటిది. ఆ దెబ్బకు పందెం షూల సోళ్లు లావెక్కడం మొదలైతే, 2020లో పరుగు పందేలకు నిబంధనలు పెట్టే వరల్డ్ అథ్లెటిక్స్ సంస్థ రోడ్డు పరుగుకు సోలు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని గీత గీసింది. మా బ్యారేజీ మీద మాత్రం టిఫిన్ బండి దాకా నడవడానికి కార్బన్ ప్లేటు వేసుకొచ్చేవాళ్లు కనిపిస్తున్నారు. డబ్బు వాళ్లది, నాకెందుకు.

మెత్తదనం, నిలకడ రెండూ కావాలంటే తయారుచేసేవాళ్లు నానా తంటాలు పడతారు. కింద అంచును వెడల్పు చేస్తారు. అది మరీ ఎక్కువైతే మడమ బయటి అంచు ముందుగా తగిలి పాదాన్ని విసురుగా లోపలికి తిప్పేస్తుంది, అదొక తలనొప్పి. నురుగు గోడలను పైకి లేపి పాదం గిన్నెలో కూర్చున్నట్టు చేస్తారు. కొన్ని షూలకు లోపలి వైపు బూడిద రంగు ముక్క కనిపిస్తుంది చూడండి, అది అందానికి కాదు. పాదం లోపలికి వాలేవాళ్ల కోసం అక్కడ గట్టి నురుగు పెడతారు. షటిల్ షూలో అయితే అసలు ఎత్తే తగ్గించేస్తారు.

నాకు మండేది బరువు సంగతి దగ్గర. లారీకి కట్టలు వేసేటప్పుడు ఎన్ని టన్నుల లోడు అని అడక్కుండా ఎవరైనా వేస్తారా? షూ షాపులో సైజు అడుగుతారు, రంగు అడుగుతారు, బరువు అడిగినవాణ్ణి ఇంతవరకు చూడలేదు. తొమ్మిదో నంబరు షూలో అరవై కిలోల కుర్రాడికీ, తొంభై రెండు కిలోల నాకూ ఒకటే నురుగు. పరుగులో అడుగు పడ్డప్పుడు ఒంటి బరువుకు రెండు మూడు రెట్లు బలం పడుతుంది. అతనికి స్ప్రింగులా పనిచేసేది నా కింద అడుక్కంటా అణిగిపోతుంది. అణిగిపోయాక అది కుషనెలా అవుతుంది, అట్టముక్క. పైగా కింద మెత్తగా ఉంటే మన ఒళ్లు మనకు తెలియకుండానే కాలిని బిగిస్తుంది. కాబట్టి ఎంత మెత్తగా ఉంటే మోకాలికి అంత మంచిదన్న మాట నేను నమ్మను.

అసలు షాపులో మీరు వేలితో నొక్కేది మిడ్‌సోల్ కూడా కాదు. పైన పరిచిన ఇన్‌సోల్. "మెమరీ ఫోమ్ సార్" అని ఆ కుర్రాడు మురిసిపోతూ చూపించేది దాన్నే. దాన్ని లాగి పక్కన పడేసి, షూ కౌంటరు మీద పెట్టి, మడమను పైనుంచి పట్టుకుని అటూ ఇటూ తోయండి. కుంగి ఊగితే వదిలేయండి. తర్వాత వేసుకుని ఒంటికాలి మీద కాసేపు నిలబడండి, చీలమండ మరీ వణుకుతుంటే అది మీ బరువుకు చాలకపోవచ్చు. సాయంత్రం వెళ్లండి, పాదం కాస్త పొంగి ఉంటుంది. చెప్పులతో పెరిగిన పాదాలు మనవి, ముందు భాగం వెడల్పు. ఇరుకు షూలో పాదం అంచు దాటి వేలాడితే ఏ డిజైనూ మనల్ని కాపాడదు. కొన్నాక మే నెలలో స్కూటర్ డిక్కీలో మాత్రం పెట్టకండి. మన ఎండ సంగతి తెలిసిందేగా, ఆ వేడికి ఈవీఏ కుంచించుకుపోతుంది. నా మేనల్లుడి జత అలాగే ఒక సైజు తగ్గింది.

పచ్చ జత పారేయలేదు. తిన్నగా నడవడానికి బాగానే ఉంటాయి, బ్యారేజీకి వేసుకెళ్తున్నాను. కోర్టు గుమ్మం మాత్రం తొక్కనివ్వను. మొన్న బావమరిది ఫోన్ చేసి, "ఈసారి ఇంకా మందం మోడల్ వచ్చింది బావా, తెమ్మంటావా?" అన్నాడు. బాదం పప్పు తెచ్చుకో చాలన్నాను.