మంచం కొనే ముందు గదిలో కాగితాలు పరవండి

ఈసారి వచ్చిన ప్రశ్నలన్నీ పడకగది చుట్టూనే తిరిగాయి. ఎవరు పడుకుంటారు, ఎలా పడుకుంటారు, గదిలో చోటెంత ఉంది అన్న వివరాలు రాసినవాళ్లకే సరిగ్గా జవాబు చెప్పగలం కాబట్టి అలాంటివే ముందు తీసుకున్నాను.

ప్రశ్న: మా పడకగది 10 అడుగులకు 11. మేమిద్దరం, నాలుగేళ్ల పాప. పాప మా మధ్యే పడుకుంటుంది, చాలడం లేదు, అందుకే కింగ్ సైజు కొందామని మావారు అంటున్నారు. గది ఇరుకైపోతుందని నా భయం. ఎదురుగా వార్డ్‌రోబ్, పక్కన చిన్న టేబుళ్లు కూడా పెట్టాలి. ఏది తీసుకోమంటారు?

జవాబు: గది విషయంలో మీ మాటే సరైనది. అలాగని మీవారి మాటనీ కొట్టిపారేయలేం, ముగ్గురికీ నిద్ర చాలకపోవడం చిన్న ఇబ్బందేం కాదు. ముందు లెక్క చూద్దాం. కింగ్ పరుపు సాధారణంగా 72 అంగుళాల వెడల్పు, 78 అంగుళాల పొడవు ఉంటుంది. ఫ్రేము రెండు వైపులా రెండేసి అంగుళాలైనా బయటికి వస్తుంది, అంటే మొత్తం 76. తలవైపు 10 అడుగుల గోడకి ఆనిస్తే అటూ ఇటూ కలిపి మిగిలేది 44, ఒక్కో పక్క 22 అంగుళాలు. మనిషి ఒళ్లు తగలకుండా నడవాలంటే 24 అయినా ఉండాలి, 30 ఉంటే వంగి దుప్పటి సర్దడానికి కూడా వీలుగా ఉంటుంది. మీకున్న 22లో టేబుల్ కూడా పెడితే ఇక కాలు పెట్టే చోటు ఎక్కడిది?

కాళ్ల వైపు కూడా అంతే. 132 అంగుళాల్లో మంచం, హెడ్‌బోర్డు కలిపి 84 పోతాయి, వార్డ్‌రోబ్ లోతు 24, మిగిలేది 24. ఆ కాస్త చోటులోకే వార్డ్‌రోబ్ తలుపు తెరుచుకోవాలి, మీరూ అక్కడే నిలబడాలి. క్వీన్ తీసుకున్నా పొడవు అంతే ఉంటుంది కాబట్టి ఈ ఇబ్బంది దానితో తీరదు, వార్డ్‌రోబ్‌కి పక్కకి జరిగే తలుపులు పెట్టించుకోండి. హెడ్‌బోర్డు కూడా పలచటిదే చూడండి, మెత్తలు పెట్టి కుట్టిన లావుపాటివి చూడ్డానికి బాగుంటాయి కానీ ఊరికే అయిదారు అంగుళాలు తినేస్తాయి.

నేనైతే క్వీన్ మంచం, దాని కిందికి తోసేసే చక్రాల చిన్న మంచం ఒకటి తీసుకోమంటాను. క్వీన్ వెడల్పు 60, ఫ్రేముతో 64. ఒక పక్క గోడకి 18 అంగుళాలు వదిలి మంచం వేస్తే రెండో పక్క 38 మిగులుతాయి. రాత్రికి 30 అంగుళాల చిన్న మంచం అటు లాగితే పాప మీ చెయ్యి అందేంత దగ్గరలోనే ఉంటుంది, పొద్దున్నే తోసేస్తే నేల మళ్లీ ఖాళీ. రాత్రిపూట ఆ పక్క దారి మూసుకుపోయే మాట నిజమే, 18 అంగుళాల వైపు నుంచి దిగాలి. టేబుళ్లు రెండు కాదు, 18 అంగుళాల వైపు ఒకటి, అదీ సన్నటిది, లేదంటే గోడకి బిగించే చిన్న అర చాలు. పాప ఇంకో రెండు మూడేళ్లలో విడిగా పడుకుంటానంటుంది, మంచం మాత్రం పదిహేనేళ్లయినా అక్కడే ఉంటుంది. దాన్ని ఇవాళ్టి అవసరానికి మాత్రమే కొనకండి.

కొనే ముందు ఒక పని చేయండి. పాత పేపర్లు మంచం కొలతకి నేల మీద పరిచి అంచులకి టేపు అంటించండి. వార్డ్‌రోబ్‌కి, టేబుల్‌కి, లాగే చిన్న మంచానికి కూడా అలాగే. రెండు రోజులు ఆ కాగితాలు తొక్కకుండా తిరగండి, గది తలుపు పూర్తిగా తెరవండి, కిటికీ దగ్గరికి వెళ్లి కర్టెన్ లాగండి, రాత్రి లైటు వెయ్యకుండా బాత్రూమ్‌కి వెళ్లి రండి. ఎక్కడ మెలికలు తిరగాల్సి వస్తుందో మీకే తెలిసిపోతుంది. అలాగే మెట్ల మలుపు, లిఫ్టు, గుమ్మం కూడా కొలుచుకోండి. మంచం విడి భాగాలుగా వస్తుంది కానీ స్ప్రింగ్ పరుపు మడతపడదు.

ప్రశ్న: అమ్మకి డెబ్బై దాటాయి, నడుం నొప్పి, మోకాళ్ల నొప్పులు. గట్టి పరుపు మీదే పడుకోవాలని బంధువులంతా చెప్తున్నారు, కొందరు ఉత్త చెక్క మీద పడుకోమంటున్నారు. తనకి మెమరీ ఫోమ్ తీసుకుందామని నా ఆలోచన. మంచం ఎలాంటిదైతే మంచిది?

జవాబు: నడుం నొప్పి అనగానే ఎంత గట్టిగా ఉంటే అంత మంచిది అన్న నమ్మకం చాలా పాతది, పెద్దవాళ్లని అనవసరంగా బాధపెడుతున్న నమ్మకం కూడా. 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో స్పెయిన్‌లో చేసిన ఒక పరిశోధన వచ్చింది. చాలాకాలంగా నడుం నొప్పి ఉన్న 313 మందిని తీసుకుని కొందరికి గట్టి పరుపు, కొందరికి మధ్యరకం గట్టిదనం ఉన్న పరుపు ఇచ్చి మూడు నెలలు చూస్తే, మధ్యరకం మీద పడుకున్నవాళ్లకే నొప్పి, పనుల్లో ఇబ్బంది ఎక్కువగా తగ్గాయి. కారణం అర్థం చేసుకోవడం కష్టమేం కాదు. చెక్క మీద పడుకుంటే భుజాలు, పిరుదులు మాత్రమే ఆనుకుంటాయి, నడుం దగ్గర ఆసరా లేక రాత్రంతా అక్కడి కండరాలు బిగుసుకునే ఉంటాయి. మరీ మెత్తటి దాంట్లో పిరుదులు కూరుకుపోయి వెన్ను ఒంగిపోతుంది.

షాపులో పరుపు మీద అమ్మని వెల్లకిలా పడుకోబెట్టి నడుం కింద మీ అరచెయ్యి పెట్టి చూడండి. చెయ్యి సందులో సులువుగా అటూ ఇటూ ఆడుతుంటే పరుపు గట్టిది, అసలు దూరకపోతే మెత్తటిది, కాస్త బిగువుగా దూరితే సరిపోయినట్టు. ఆమె పక్కకి తిరిగి పడుకునే అలవాటు ఉన్న మనిషైతే భుజం దిగేంత మెత్తదనం పైన ఉండాలి. కూర్చుని నొక్కి చూసి లేచిపోవడం కాదు, ఇంట్లో పడుకున్నట్టే కనీసం పది పదిహేను నిమిషాలు పడుకోనివ్వండి, మొహమాటపడకండి.

మెమరీ ఫోమ్ గురించి నాకు సందేహం ఉంది. 1966లో నాసా కోసం, విమాన సీట్ల కుషన్లుగా తయారుచేసిన పదార్థం అది, ఒంటి వేడికి మెత్తబడి ఒళ్లు ఆకారంలోకి దిగుతుంది. నొప్పులున్న కీళ్ల మీద ఒత్తిడి తగ్గుతుంది, అది మంచిదే. కానీ ఆ దిగిన గుంతలోంచి పక్కకి తిరగడానికి బలం కావాలి, మోకాళ్లు సహకరించనివాళ్లకి అదే కష్టం. పైగా వేడిని పట్టి ఉంచుతుంది, అంచున కూర్చుంటే కుంగుతుంది. మీ అమ్మగారికి రబ్బరుతో చేసే లేటెక్స్ గానీ, పైన పలచటి మెత్తటి పొర ఉన్న పాకెట్ స్ప్రింగ్ (ఒక్కో స్ప్రింగుకీ విడి గుడ్డ సంచి ఉండేది) గానీ చూడమంటాను. మామూలు ఫోమే తీసుకుంటే డెన్సిటీ అడగండి. అది ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు ఉంటుందో చెప్పే అంకె. రోజూ పెద్దవాళ్లు పడుకునే పరుపుకి 40 దగ్గర ఉంటే బాగా మన్నుతుంది, 30 కంటే తక్కువైతే త్వరగా గుంతలు పడుతుంది. చాలామంది డెన్సిటీ ఎక్కువంటే గట్టిగా ఉంటుందనుకుంటారు, అది మన్నిక సంగతి, గట్టిదనం వేరే.

అన్నిటికంటే ముఖ్యం ఎత్తు, దాని గురించే ఎవరూ అడగరు. అమ్మ పాదాలు నేల మీద పూర్తిగా ఆనేలా కుర్చీలో కూర్చుంటే మోకాలి వెనక మడత దాకా ఎంత ఎత్తు ఉందో కొలవండి. మంచం అంచున కూర్చున్నాక పరుపు పైభాగం ఆ కొలతకి సమంగా గానీ, ఒకటి రెండు అంగుళాలు ఎక్కువగా గానీ ఉండాలి. కొలత 17 అయితే 17 నుంచి 19 దాకా అన్నమాట. మరీ కిందికి ఉంటే లేచేటప్పుడు బరువంతా మోకాళ్ల మీద పడుతుంది, మరీ పైకి ఉంటే కాళ్లు వేలాడి జారిపోయే ప్రమాదం. మంచం ఎత్తు మాత్రమే చూసి కొని, దాని మీద 10 అంగుళాల పరుపు వేసి తర్వాత బాధపడేవాళ్లు చాలామంది. అమ్మ లేచేటప్పుడు చెయ్యి దేనికి ఆనిస్తుందో కూడా గమనించి అక్కడ కదలని ఆసరా ఉండేలా చూడండి. టేబుల్ తేలికదైతే అది జరిగిపోతుంది. డాక్టర్ వెన్ను గురించి ప్రత్యేకంగా ఏమైనా చెప్పి ఉంటే మాత్రం ఆ మాటే ముందు.

ప్రశ్న: పరుపు పైకి లేపితే కింద స్టోరేజీ వచ్చే హైడ్రాలిక్ మంచం మంచిదా, సొరుగుల మంచమా?

జవాబు: వేరే చోటు నిజంగా లేకపోతేనే ఈ రెండూ. సొరుగులు లాగాలంటే ఎదురుగా రెండడుగుల ఖాళీ కావాలి, అది లేని గదికి హైడ్రాలిక్కే నయం. దానికి గ్యాస్ పిస్టన్‌లు ఉంటాయి, పరుపు బరువుకి సరిపోయేవి వెయ్యకపోతే ఎత్తడం కష్టం, ఏళ్లు గడిచేకొద్దీ పట్టు తగ్గి నెమ్మదిగా కిందికి దిగిపోతుంటాయి, అప్పుడు మార్పించాల్సిందే. తల లోపల పెట్టి వెతుకుతుండగా పడిపోతే ప్రమాదం, పిల్లలుంటే మరీ జాగ్రత్త. ఇంకొకటి, రాత్రంతా ఒంటి చెమట తేమ పరుపులోంచి కిందికే దిగుతుంది. పరుపు కింది పలకకి గాలి ఆడే రంధ్రాలు లేకపోతే పరుపు అడుగున బూజు పడుతుంది, కింద దాచిన దుప్పట్లు ముక్క వాసన వేస్తాయి. ఏడాదికోసారి తీసేవే అందులో పెట్టండి, రోజూ కావాల్సినవి కాదు.

ప్రశ్న: ఇంజనీర్డ్ వుడ్ మంచం తీసుకోవచ్చా? మేం రెండేళ్లకోసారి ఇల్లు మారుతుంటాం. ఇప్పుడున్న మంచం కిర్రుమంటోంది, అది కూడా చెప్పండి.

జవాబు: ఆ పేరు కింద చాలా రకాలు అమ్ముతారు. ప్లైవుడ్డా, ఎండీఎఫ్ఫా, పార్టికల్ బోర్డా అని సూటిగా అడగండి, మంచం కింద పలక అంచు కనిపించే చోట చూడండి. పొరలు పొరలుగా ఉంటే ప్లైవుడ్. సన్నటి చెక్క పీచు నొక్కినట్టు నున్నగా ఉంటే ఎండీఎఫ్. చెక్క పొట్టు నొక్కినట్టు గరుగ్గా ఉంటే పార్టికల్ బోర్డు, ఒకసారి విప్పి మళ్లీ బిగిస్తే అందులో స్క్రూ పట్టు వదిలేస్తుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. మీలా ఇల్లు మారేవాళ్లకి అది వద్దే వద్దు. గట్టి చెక్కది గానీ, ఇనుపది గానీ, స్క్రూలతో కాకుండా బోల్టులతో బిగించేది తీసుకోండి. కొత్త బోర్డు సామాను ఘాటు వాసన జిగురులోని ఫార్మాల్డిహైడ్ వల్లే ఎక్కువగా వస్తుంది, ఆ రసాయనం తక్కువని చెప్పే ఇ1 లేదా ఇ0 గ్రేడు ఉందేమో చూసుకుని, తెచ్చాక కొన్ని రోజులు కిటికీలు తెరిచి ఉంచండి.

కిర్రుమనే చప్పుడు ఎక్కువసార్లు పట్టె కోడుకి కలిసే చోటు నుంచే వస్తుంది. పరుపు తీసేసి ఒక్కో మూలా చేత్తో ఊపి చూడండి, చప్పుడు ఏ మూలదో దొరికాక బోల్టు బిగించండి, చెక్కా చెక్కా రాసుకుంటుంటే మధ్యలో పాత గుడ్డ ముక్క గానీ కొవ్వొత్తి మైనం గానీ పెట్టండి. క్వీన్ మంచానికి గానీ అంతకంటే పెద్దదానికి గానీ మధ్యలో కూడా కోడు ఉండాలి, లేకపోతే అడుగు పలకలు ఒంగి అదే చప్పుడు చేస్తాయి. ఫోమ్ పరుపైతే ఆ పలకల మధ్య సందు మూడు అంగుళాలు దాటకూడదు.

ప్రశ్న: పడకగదికి ఏ లైట్లు పెట్టాలి?

జవాబు: నడినెత్తిన ఒక్క తెల్లటి ట్యూబ్‌లైటుతో సరిపెట్టకండి. పసుపు ఛాయ ఉన్న బల్బులు, డబ్బా మీద 2700 కె. లేదా 3000 కె. (కెల్విన్, వెలుగు ఛాయని చెప్పే కొలత) అని ఉంటాయి, అవి పడుకునే ముందు కళ్లకి హాయి. నీలం పాలు ఎక్కువున్న తెల్లటి వెలుగు నిద్ర తెచ్చే మెలటోనిన్‌ని తగ్గిస్తుంది. పుస్తకం చదివే అలవాటుంటే భుజం వెనక నుంచి వెలుగు పడేలా గోడ దీపం ఒకటి. పెద్ద లైటు స్విచ్చి గుమ్మం దగ్గరా, మంచం పక్కనా రెండు చోట్లా పనిచేసేలా వైరింగ్ అప్పుడే చెప్పండి, తర్వాత గోడ తవ్వాల్సి వస్తుంది.

ప్రశ్న: మా పిల్లలకి అయిదేళ్లు, తొమ్మిదేళ్లు. రెండంతస్తుల మంచం కొనవచ్చా?

జవాబు: కొనండి, పైన పెద్ద పిల్లే పడుకోవాలి. ఆరేళ్లు నిండనివాళ్లని పై అంతస్తులో పడుకోబెట్టకూడదు. పైన నాలుగు వైపులా అడ్డుకమ్మి ఉండాలి, అది పరుపు కంటే కనీసం అయిదు అంగుళాలు ఎత్తుండాలి, అందుకని లావు పరుపు వేసి కమ్మిని పొట్టి చేసుకోకండి. గదిలో సీలింగ్ ఫ్యాను ఉంటే పైన లేచి నిలబడి చెయ్యి చాచినా రెక్కలు అందనంత దూరంలో మంచం వెయ్యాలి. అంత చోటు లేకపోతే ఫ్యాను తీసి గోడ ఫ్యాను పెట్టించండి, లేదంటే రెండు విడి మంచాలే వేయండి.