డిశ్చార్జ్ సమ్మరీలో తప్పు: చూడాల్సింది కేస్ షీట్

ప్రశ్న: రెండేళ్ల కిందట అనంతపురంలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మా నాన్నగారికి స్టెంట్ వేశారు. షుగర్ ఉందని చేరడానికి పది రోజుల ముందే తెలిసింది. డిశ్చార్జ్ సమ్మరీలో మాత్రం పదేళ్లుగా ఉందని రాశారు. ఉన్న జబ్బు దాచారంటూ బీమా కంపెనీ క్లెయిమ్ తిరస్కరించి ఇరవై రెండు నెలలైంది. కాగితాలన్నీ ఏజెంటుకు ఇచ్చేశాం. మూడు వేలిస్తే పాత తేదీతోనే కొత్త సమ్మరీ తీసిస్తానని ఆసుపత్రి ఉద్యోగి ఒకరు అంటున్నారు. అబద్ధాలకోరుననే ముద్ర పడిందని నాన్నగారు కుంగిపోయారు. ఏం చేయాలి? – ఒక పాఠకుడు, తాడిపత్రి

జవాబు: చేరిన రోజున కేస్ షీట్ మొదటి పేజీలో షుగర్ గురించి ఏం రాశారు, ఎవరు చెబితే రాశారు అన్నదే ఈ కేసును తేలుస్తుంది. సమ్మరీ ఆ కేస్ షీట్ చూసి ఆఖరున టైపు చేసేది. చేతిరాతలో 10 అంకె పక్కన రోజులకు గుర్తుగా వేసిన ఒక్క ఇంగ్లిషు అక్షరాన్ని సంవత్సరాలని చదివితే పది రోజులు పదేళ్లవుతాయి. అదే జరిగిందో లేదో ఆ పేజీ చూస్తే గాని తెలియదు.

2002 నాటి వైద్య వృత్తి నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి 3 సంవత్సరాలు భద్రపరచాలి, రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేయడానికి వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ఇచ్చే గడువు మాత్రం 2 సంవత్సరాలే. క్లెయిమ్ తిరస్కరించిన నాటి నుంచి లెక్కిస్తే అందులో మీకు మిగిలింది రెండు నెలలు. తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే వీలుంది గానీ, దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు. జిరాక్సు కూడా ఉంచుకోకుండా కాగితాలు ఇచ్చేసి ఇన్నాళ్లు ఊరుకోవడం పెద్ద అజాగ్రత్త.

ఆ ఉద్యోగి చెప్పే దారిలోకి అడుగు కూడా పెట్టవద్దు. మొదటి సమ్మరీ ఇప్పటికే కంపెనీ ఫైలులో ఉంది. పాత తేదీతో రెండోది బయటికి రాగానే నిజమైన మీ వాదన కూడా కల్పితంగా కనిపిస్తుంది. పైగా అది భారతీయ న్యాయ సంహిత, 2023 కింద ఫోర్జరీ. దొంగ పత్రమని తెలిసి దాఖలు చేసినవారికీ 340వ సెక్షన్ వర్తిస్తుంది. సరైన సవరణలో పాత రాత చెరిగిపోదు; అది చదవడానికి వీలుగా ఒక్క గీత కొట్టి, చికిత్స చేసిన డాక్టరు పక్కన సరైన మాట రాసి, సవరించిన రోజు తేదీతో సంతకం చేయాలి.

అడ్మిషన్ ఫారం, డాక్టరు రాసిన హిస్టరీ, నర్సుల నోట్సు, ల్యాబ్ రిపోర్టులు, క్యాష్‌లెస్ కోసం కంపెనీకి పంపిన ఫారం ధ్రువీకరించి ఇవ్వాలని నాన్నగారి సంతకంతో మెడికల్ సూపరింటెండెంట్‌కు ఈ వారమే దరఖాస్తు ఇవ్వండి. పాలసీ తీసుకోకముందు చేయించిన రక్తపరీక్షలో షుగర్ మామూలుగా ఉన్నట్టు రిపోర్టు దొరికితే దాన్ని మించిన సాక్ష్యం లేదు. జబ్బు దాచారని నిరూపించే భారం కంపెనీదే. అయినా మీ చేతిలో కాగితం ఉండాలి. సాయం కోసమని సమ్మరీ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి.

ఆసుపత్రి స్పందించకపోయినా ఆగవద్దు. కంపెనీని, ఆసుపత్రిని ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చి అనంతపురం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి, కేస్ షీట్ తెప్పించాలని అందులోనే కోరండి. చెల్లించిన ప్రీమియం 5 లక్షల లోపు అయితే రుసుము ఉండదు. దరఖాస్తు రెండో ప్రతి మీద ఆసుపత్రి ముద్ర, తేదీ వేయించుకోకుండా మాత్రం కౌంటరు దగ్గర నుంచి కదలవద్దు.