మీ నాన్న స్ప్లెండర్‌కి ఆయిల్ చూసుకోవడం

అమ్మలూ,

నిన్న మీ నాన్న ఫోన్లో చెప్పాడు, స్ప్లెండర్ నీకిచ్చేశాడటగా. సోమవారం నుంచి వినుకొండ చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాని మీదే తిరుగుతావట. చాలా సంతోషమేసింది. హెల్మెట్ గురించీ చీకటి పడ్డాక ప్రయాణాల గురించీ మీ అమ్మ చెప్పే ఉంటుంది, అవి మళ్ళీ నేను చెప్పను. నేను చెప్పేది ఒక్కటే: ఇంజన్ ఆయిల్ నీ కళ్ళతో నువ్వే చూసుకోవాలి. మెకానిక్ చూస్తాడులే అని వదిలెయ్యకు. అతను మూడు నెలలకోసారి చూస్తాడు, నువ్వు రోజూ ఎక్కుతావు.

డిపోలో ముప్ఫై ఏళ్ళు మెకానిక్‌గా చేశాను. పొద్దున్నే బస్సు గేటు దాటాలంటే ఆయిల్ గేజి (ఆయిల్ ఎంతుందో చూపే పుల్ల) తీసి చూడాల్సిందే, రేడియేటర్లో నీళ్ళు చూడాల్సిందే. అన్ని బస్సులకు చూసినవాణ్ణి, నా సొంత బండికి ఆరు నెలల పాటు చూడలేదు. 2001 కార్తీకంలో నేనూ మీ పెద్దమ్మా దాని మీదే శ్రీశైలం బయల్దేరాం. దోర్నాల దాటి ఘాట్ రోడ్డు ఎక్కుతుంటే ఇంజన్ పైభాగంలో టకటకమని చప్పుడు మొదలైంది. కాసేపటికి బండి లాగడం మానేసింది, రెండో గేరులో కూడా మూలుగుతోంది. కాలిన వాసన. ఇంకో మలుపు తిరిగామో లేదో వెనక చక్రం కీచుమంటూ పట్టేసింది. వెంటనే క్లచ్ పట్టుకోబట్టి పడలేదు. పక్కనే లోయ. మీ పెద్దమ్మ నా భుజం ఎంత గట్టిగా పట్టుకుందో ఇప్పటికీ గుర్తే. బండిని లారీలో వేసుకుని వెనక్కి దిగాం.

తర్వాత ఇంజన్ విప్పితే పిస్టన్ మీద నిలువుగా గీతలు, పిల్లి గోళ్ళతో రక్కినట్టు. వాల్వులు తెరిచే క్యామ్ షాఫ్టు కూర్చునే చోట హెడ్డు, అంటే ఇంజన్ పైభాగం, అరిగిపోయింది. కింద నట్టు తీస్తే కారిన ఆయిల్ టీ గ్లాసుడు లేదు. అంతకుముందు ఆయిల్ మార్పించిన చోట ఆ నట్టుకు నలిగిపోయిన పాత వాషరే వేసి బిగించారు. రోజూ చుక్కచుక్కా కారిపోయింది. వసారాలో బండి నిలిపిన చోట రూపాయి బిళ్ళంత మరక పడేది. మీ పెద్దమ్మ రెండుసార్లు చూపించింది. నేను దాని మీద ఇసుక చల్లి ఊరుకున్నాను. అందుకే నీకింత గట్టిగా చెబుతున్నాను.

చేతక్‌లూ రాజ్‌దూత్‌లూ నడిపిన రోజుల్లో ఆయిల్‌ను మరిచిపోవడం కుదిరేది కాదు. బంకుకెళ్ళిన ప్రతిసారీ పెట్రోలుతో పాటు 2టీ ఆయిల్ కొట్టించుకోవాల్సిందే, అది పెట్రోలుతో కలిసి కాలిపోయేది. 1985లో హీరో హోండా సీడీ 100తో చిన్న బళ్ళలోకి కూడా ఫోర్ స్ట్రోక్ (పెట్రోలులో ఆయిల్ కలపక్కర్లేని ఇంజన్) వచ్చాక ఆయిల్ ఇంజన్ అడుగున దాక్కుంది. పెట్రోలు కొట్టించుకుంటే చాలనుకునే అలవాటు అప్పటినుంచే మొదలైంది. కారులో ఆయిల్ ఒత్తిడి పడిపోతే ఎర్రదీపం వెలుగుతుంది. నీ బండి మీటరులో ఆ దీపం లేదు. పైగా దాని కడుపులో ఉండే ఆయిల్ మొత్తం కలిపినా లీటరుకు అటూ ఇటూనే. ఆ కాస్త ఆయిలే పిస్టన్‌కీ, పైన క్యామ్‌కీ, క్లచ్ ప్లేట్లకీ, గేర్లకీ అన్నిటికీ సరిపోవాలి. అందులో పావు లీటరు తగ్గిందంటే చాలా తగ్గినట్టే. ముందుగా ఎండిపోయేది పైనున్న హెడ్డు, ఎందుకంటే పంపు అక్కడిదాకా ఎక్కించాలి. నాకు వినపడిన టకటక అదే.

ఇక చూసే పద్ధతి. ఆదివారం పొద్దున తీరిగ్గా చెయ్యి. బండి స్టార్ట్ చేసి మూడు నాలుగు నిమిషాలు రేజ్ చెయ్యకుండా అలాగే వదిలెయ్. ఆపాక రెండు మూడు నిమిషాలు ఆగు, పైకెక్కిన ఆయిల్ కిందికి దిగాలి. ఆపీ ఆపగానే చూస్తే ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది.

నేల సమంగా ఉండాలి. మీ వాకిలి వీధి వైపుకు వాలుగా ఉంటుంది, అక్కడ వద్దు, వరండాలో గచ్చు మీద పెట్టు. సైడు స్టాండు మీద మాత్రం ఎప్పుడూ చూడకు, డబుల్ స్టాండు వెయ్యాలి. చేతులతో ఎత్తడానికి ప్రయత్నిస్తే నడుం పట్టేస్తుంది. ఎడమ చేత్తో హ్యాండిలూ, కుడి చేత్తో సీటు కింది రాడ్డూ పట్టుకుని స్టాండును కుడికాలితో నేలకు ఆనించు. స్టాండు రెండు కాళ్ళూ నేలకు తగిలాయని తెలిశాక నీ బరువంతా కుడికాలి మీద వేసి తొక్కు, బండి దానంతటదే వెనక్కి ఎక్కుతుంది. రెండు రోజులు మీ నాన్న పక్కన నిలబడితే మూడోరోజు నీకే వచ్చేస్తుంది.

సైడు స్టాండు ఎందుకొద్దన్నానో చెబుతాను, చాలామంది ఇక్కడే పొరబడతారు. ఆ స్టాండు మీద బండి ఎడమకు ఒరుగుతుంది. ఆయిల్ గేజి కుడివైపు, కిక్కు ఉన్న వైపు కవరు మీద ఉంటుంది. ఆయిలంతా ఎడమకు జరిగిపోతే గేజికి అందదు. అయ్యో తగ్గిందే అని పోసేస్తారు. అలా పోసీ పోసీ ఎక్కువైన బళ్ళు నా దగ్గరకు చాలా వచ్చాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ను చిలుకుతాయి, నురుగు కడుతుంది. నురుగు లోహాన్ని కాపాడలేదు. మిగిలింది బ్రీదర్ గొట్టంలోంచి (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే దారి) ఎయిర్ ఫిల్టర్‌లోకి ఎక్కుతుంది, సీళ్ళలోంచి కారుతుంది. తక్కువైతే ఎంత నష్టమో ఎక్కువైనా నష్టమే, కాకపోతే కాస్త నెమ్మదిగా జరుగుతుంది.

నల్లటి ప్లాస్టిక్ మూత కనపడుతుంది, గేజి దానికే అతుక్కుని ఉంటుంది. తిప్పే ముందు మూత చుట్టూ పాత గుడ్డతో బాగా తుడువు. ఊళ్ళ రోడ్ల మీద తిరిగే బండి, అక్కడ దుమ్ము అట్టలు కడుతుంది. తుడవకుండా తిప్పితే ఆ ఇసుక నేరుగా ఇంజన్లో పడుతుంది. సైలెన్సర్ గొట్టం అటువైపే, అప్పుడే ఆగిన బండి కాబట్టి కాలుతూ ఉంటుంది. చున్నీ ముడేసుకుని కూర్చో, మణికట్టు దానికి తగలనివ్వకు.

మూత తీసి గేజిని శుభ్రంగా తుడువు. నూలు పోగులు ఊడే గుడ్డ వద్దు, పాత బనియన్ గుడ్డ మంచిది. మళ్ళీ రంధ్రంలో పెట్టు. మర బిగించకు, ఊరికే ఆనించు, తర్వాత తీసి చూడు. నీ బండికి పద్ధతి అంతే, బిగించి చూస్తే లెక్క తప్పుతుంది. చివర రెండు గీతలుంటాయి, కింది గీతకూ పై గీతకూ మధ్య తడి కనపడాలి. పై గీతకు దగ్గరగా ఉంటే నిశ్చింత. కింది గీత దగ్గరుంటే ఆ రోజే పొయ్యాలి. గేజికి అసలు తడే లేకపోతే బండి కదపకు, నాకు ఫోన్ చెయ్యి. సందేహంగా ఉంటే తుడిచి ఇంకోసారి పెట్టి చూడు. నేను ఇప్పటికీ రెండుసార్లు చూస్తాను.

గేజి చేతిలో ఉండగానే ఆ చుక్కను వేళ్ళ మధ్య రాసి చూడు. ఆయిల్ నల్లబడిందని భయపడొద్దు. మసిని తనలో కలుపుకుని ఇంజన్‌ను శుభ్రంగా ఉంచడం దాని పని, అందుకే నల్లబడుతుంది. వేళ్ళకు గరుకుగా తగిలితే, ఎండలో పెడితే వెండి పొడిలా మెరిస్తే అది లోహం అరుగుదల, చూపించాలి. పెట్రోలు వాసన కొట్టి, నువ్వేమీ పొయ్యకుండానే గీత పైకెక్కిందనుకో, కార్బురేటర్ నుంచి పెట్రోలు ఇంజన్లోకి దిగుతోందన్నమాట. పలచబడిన ఆయిల్ పనికిరాదు, ఆ లోపం బాగుచేయించి ఆయిల్ మార్పించాలి. రాత్రిళ్ళు ట్యాంకు కింది పెట్రోలు మీట కట్టేసే అలవాటు చేసుకో.

పాలు కలిపిన కాఫీ రంగులో ఉంటే నీళ్ళు చేరినట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో ఇళ్ళు మునిగినప్పుడు మనవాళ్ళ బళ్ళు రెండు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. నేను వెళ్ళేలోగానే ఒకతను ఆత్రంగా కిక్కు కొట్టాడు. సిలిండర్లో నీళ్ళుంటే పిస్టన్ నొక్కలేదు, పిస్టన్‌ను పట్టుకునే కనెక్టింగ్ రాడ్డు వంగిపోవచ్చు, అతనికి అదే జరిగింది. పక్కింటి బండికి ముందు కింద నట్టు తీశాం. నీళ్ళు, తర్వాత మజ్జిగలాంటి ఆయిల్ కారాయి. ప్లగ్గు తీసి నీళ్ళు బయటకు కొట్టించి, కొత్త ఆయిల్ పోసి కాసేపు నడిపి దాన్నీ పారబోసి, మళ్ళీ కొత్తది పోస్తే ఆ బండి ఇప్పటికీ తిరుగుతోంది. మునిగిన బండి ఎవరిదైనా సరే, స్టార్ట్ చెయ్యొద్దని చెప్పు. వానాకాలంలో మూత లోపలి వైపు మాత్రం కొంచెం తెల్లటి మీగడలాంటిది కనపడి, గేజి మీద ఆయిల్ మామూలుగా ఉంటే కంగారు లేదు. దగ్గర దూరాలే తిరిగితే ఆవిరి అలా పేరుకుంటుంది, ఓసారి దూరం వెళ్ళొస్తే పోతుంది.

పొయ్యాల్సి వస్తే కొంచెం కొంచెంగా పొయ్యి. యాభై మిల్లీలీటర్లు, అంటే దగ్గు మందు మూతతో ఐదారు మూతలు పోసి, రెండు నిమిషాలాగి గేజి చూసి, మళ్ళీ పొయ్యి. నీ బండికి 10డబ్ల్యూ30 (అది ఆయిల్ చిక్కదనం గుర్తు), డబ్బా మీద జాసో ఎంఏ (బైకు క్లచ్‌కు సరిపోతుందనే గుర్తు) అని ఉండాలి. మీ ఇంట్లో కారు ఆయిల్ డబ్బా మిగిలి ఉంటుంది, అది పొయ్యకు. నీ బండి క్లచ్ ప్లేట్లు ఆయిల్లోనే మునిగి పనిచేస్తాయి. కారు ఆయిల్లో జారుడు పెంచే మందులుంటాయి, వాటితో ప్లేట్లు జారి ఇంజన్ అరుస్తుంది గానీ బండి కదలదు. మూత పెట్టేముందు రబ్బరు రింగు సరిగా కూర్చుందో లేదో చూసి చేత్తోనే బిగించు, పట్టకారు వాడకు.

నీతో తిరిగేవాళ్ళ పల్సర్‌లకూ కొత్త బుల్లెట్‌లకూ గేజి బదులు చిన్న అద్దం కిటికీ ఉంటుంది. బండి నిటారుగా ఉంచి అందులోని గీతల మధ్య చూడటమే. వాళ్ళ ఆయిల్ గ్రేడు వేరే కావచ్చు, అరువు తెచ్చుకోకు.

నువ్వు రోజూ తిరుగుతావు కాబట్టి పదిహేను రోజులకోసారి చూడు, దూరం వెళ్ళే ముందు రోజు సాయంత్రం తప్పనిసరిగా చూడు. చూసిన తేదీ, కిలోమీటర్లు, గీత ఎక్కడుందో ఒక చిన్న పుస్తకంలో రాసుకో. రెండు మూడు నెలలకు ఇంజన్ ఎంత ఆయిల్ తింటోందో నీకే తెలిసిపోతుంది. మీ నాన్న 2012లో కొన్న బండి, కొంచెం తినడం సహజం. ఉన్నట్టుండి ఎక్కువ తింటే, నీలంరంగు పొగ వదిలితే పిస్టన్ రింగులు గానీ వాల్వు సీళ్ళు గానీ అయిపోయినట్టు. పొగ లేకుండా తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది. రాత్రి బండి కింద ఒక అట్టముక్క వేసి పొద్దున చూడు. ఆయిల్ మార్పించిన ప్రతిసారీ కింద నట్టుకు కొత్త వాషర్ వెయ్యమని పక్కనే నిలబడి అడుగు. పది రూపాయలకు మొహమాటపడకు.

ఈ ఆదివారం పదింటికి నేను ఇంట్లోనే ఉంటాను. గేజి తీసి తుడిచి పెట్టాక వీడియో కాల్ చెయ్యి, గీత నాకూ చూపించు. పాత బనియన్ గుడ్డలు నాలుగు మడతపెట్టి మీ నాన్నకిచ్చి పంపుతున్నాను.

ఆశీస్సులతో,
పెదనాన్న