ఇనుముతో సుజుకి కప్లింగ్ 90 శాతం వస్తోంది, గైడ్ పేపర్ రాయమంటున్నారు. నమ్మవచ్చా?

ఇప్పుడే నమ్మకండి. సుజుకి కప్లింగ్ అంటే రెండు కార్బన్ ముక్కలను కలిపే రియాక్షన్, మామూలుగా దాన్ని నడిపించేది పల్లాడియం. ఇనుము వేయకుండా పెట్టిన బ్లాంక్‌లో "చిన్న స్పాట్ కనిపించింది, పట్టించుకోలేదు" అని మీరే రాశారు. ఇనుము లేకుండానే ప్రొడక్ట్ వస్తోందేమో చెప్పేది అదే, పట్టించుకోవాల్సింది ఆ స్పాట్‌నే.

నా పీహెచ్‌డీ మూడో ఏట నాకూ ఇదే జరిగింది. నాది కాపర్. ఆర్నెల్లు పనిచేశాను, యీల్డ్ (వచ్చిన ప్రొడక్ట్ శాతం) 80 దాటేది. ఒక శనివారం కాపర్ మానేసి మిగతావన్నీ అలాగే వేశాను. సాయంత్రం, మిశ్రమంలో ఏమేం ఉన్నాయో స్పాట్లుగా చూపే టీఎల్‌సీ ప్లేట్ యూవీ కింద పెడితే ప్రొడక్ట్ స్పాట్ నల్లగా కనిపించింది. ప్లేట్ తప్పు వేశానేమోనని మళ్లీ వేశాను. అదే స్పాట్. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు.

సోమవారం మా సీనియర్ అక్క ఫ్లాస్క్‌లోంచి కలియతిప్పే మాగ్నెటిక్ బీడ్ తీసి టిష్యూ మీద పెట్టింది. తెల్లటి టెఫ్లాన్ ఒక కొన దగ్గర గీసుకుపోయి ఉంది, ఆ గీతల్లో బూడిద రంగు మరక. "ఇది ఇంతకుముందు ఎవరి పల్లాడియం రియాక్షన్‌లో తిరిగిందో కనుక్కో" అంది. ల్యాబ్ అంతటికీ ఒకటే బీడ్ల డబ్బా. ఆ మరక ఎసిటోన్‌తో పోయేది కాదు. కొత్త వయల్, కొత్త బీడ్ తీసుకుంటే బ్లాంక్‌లో స్పాట్ లేదు. బాధేమిటంటే, కాపర్ వేసినా దాదాపు ఏమీ రాలేదు.

పెద్ద శాస్త్రవేత్తలకూ ఇది తప్పలేదు. లోహం లేకుండానే సుజుకి జరుగుతుందని 2003లో రాసిన లెడ్‌బీటర్, 2005లో తానే మళ్లీ పరీక్షించి, సోడియం కార్బొనేట్‌లో ఉన్న సుమారు 50 పీపీబీ పల్లాడియమే ఆ పని చేస్తోందని చెప్పారు. అంటే టన్ను కార్బొనేట్‌లో 50 మిల్లీగ్రాములు! తన పేపర్‌ను తానే సరిదిద్దిన ఆ నిజాయతీ అంటే నాకు చాలా గౌరవం. 2009లో బుక్‌వాల్డ్, బోల్మ్ కలిసి, ఫెర్రిక్ క్లోరైడ్ అనే ఇనుము లవణం‌తో జరుగుతున్నాయనుకున్న కొన్ని కప్లింగ్‌లలో అందులో కలిసిన కాపర్ పాత్ర ఉందని చూపించారు. మీది కూడా ఇనుమే కాబట్టి ఆ పేపర్ తప్పకుండా చదవండి.

కాబట్టి అన్నీ కొత్తవి తీసుకుని మళ్లీ పెట్టండి: వయల్, బీడ్, స్పాచులా. బేస్ (కార్బొనేట్ లాంటిది) వేరే కంపెనీది, ఐరన్ సాల్ట్ 99.99 శాతం గ్రేడ్‌ది వాడండి. మీరు కప్లింగ్‌కి వాడే ఆరైల్ బ్రోమైడ్ తయారీలో వెనక ఎక్కడైనా పల్లాడియం స్టెప్ ఉందేమో కూడా చూడండి. లోహాల జాడ కొలిచే ఐసీపీ-ఎంఎస్‌కి పంపినప్పుడు "పల్లాడియం చాలా తక్కువ" అని వస్తే అక్కడితో ఆగకండి. రిపోర్టులో ఎంత ఉందో సరిగ్గా అంతే పల్లాడియం వేసి, ఇనుము లేకుండా ఒక రియాక్షన్ పెట్టండి. అందులోనూ 90 వస్తే పని చేస్తున్నది ఇనుము కాదు.

ఇదంతా పది రోజుల పని. గైడ్‌ గారికి బ్లాంక్ ప్లేట్ ఈరోజే చూపించండి, దాచకండి. రిజల్ట్ రాగానే ఇక్కడ రాయండి, ఏ బేస్ వాడారో కూడా చెప్పండి.