‘వుల్ఫ్ అంటుంది’ అనవచ్చా?

సందేహం: ఆధునిక, ఆధునికోత్తర (పోస్ట్‌మోడర్న్) చింతన మీద ఆన్‌లైన్ కోర్సు ఒకటి పూర్తిచేసి, తెలుగువాళ్లం ఎవరి అభిప్రాయాలు వాళ్లం రాసుకున్నాం. తత్వవేత్త రూసో గురించి ఒకరు ‘రూసో అన్నాడు’ అని రాస్తే ఇంకొకరు ‘రూసో గారు అన్నారు’ అని రాశారు. ఆంగ్ల రచయిత్రి వర్జీనియా వుల్ఫ్ గురించి ‘వుల్ఫ్ అంటుంది’ అనడం అమర్యాద అని ఒక మిత్రురాలు అభ్యంతరపెట్టారు. ఏది సరైనది? మా అభిప్రాయాలు కొన్ని జతచేస్తున్నాను.

సమాధానం: మర్యాద బహువచనం మనిషి గొప్పదనాన్ని కొలవదు, ఆ మనిషితో మనకున్న సంబంధాన్ని చెబుతుంది. పాఠం చెప్పినవారు మీకు గురువులు కాబట్టి ‘చక్కగా వివరించారు’ అనే రాయాలి. రూసో, కాంట్, మార్క్స్ మనకు రాతల ద్వారానే తెలుసు. అలాంటి గ్రంథకర్తలను ఏకవచనంలో చెప్పడం మన విమర్శలో ఎప్పటినుంచో ఉన్నదే. ‘పోతన రాశాడు’ అంటాం, అందులో చిన్నచూపు ఏ కోశానా లేదు. ‘రూసో అన్నాడు’ నిక్షేపంగా రాయండి. ‘గారు’ తప్పు కాదు గాని అక్కడ అతకదు.

అసలు చిక్కు వుల్ఫ్ దగ్గరే. తెలుగు క్రియకు ఏకవచనంలో స్త్రీలకంటూ వేరే రూపం లేదు. ‘వుల్ఫ్ వచ్చింది’, ‘ఉత్తరం వచ్చింది’ రెండూ ఒకటే. బహువచనంలోకి వెళ్లగానే స్త్రీలు పురుషులతో చేరతారు: వాళ్లు ‘వచ్చారు’, ఉత్తరాలు ‘వచ్చాయి’. ‘అంటాడు’ కంటే ‘అంటుంది’ ఒక మెట్టు కిందగా వినిపించడానికి ఇదొక కారణం. మీ మిత్రురాలి చెవిని తప్పుపట్టలేం. అయినా ‘మొల్ల రాసింది’ అంటున్నాం కదా, వ్యాకరణరీత్యా ‘వుల్ఫ్ అంటుంది’లో దోషం లేదు. ‘మార్క్స్ అంటారు, వుల్ఫ్ అంటుంది’ అని కలిపి రాయడాన్ని మాత్రం నేను ఒప్పుకోను. స్త్రీ కథలు రాయాలంటే డబ్బూ, తనకంటూ ఒక గదీ ఉండాలని 1929లోనే వాదించిన రచయిత్రిని, ఆ వాదాన్ని వివరించే వాక్యంలోనే తక్కువ చేయడం అన్యాయం. ఇద్దరికీ ఒకే వరస పాటించండి. రచయిత్రుల ప్రస్తావన ఎక్కువగా ఉంటే అందరికీ ‘రు’ వాడడమే మేలంటాను. తత్వవేత్త జిజెక్ లాంటి సజీవులకు ఎలాగూ ‘రు’ బాగుంటుంది.

కాలం విషయంలో మీ రాతలు తడబడ్డాయి. జరిగిన సంగతికి భూతకాలం: 1750లో ఫ్రాన్స్‌లోని డిజాన్ అకాడమీ వ్యాసరచన పోటీలో రూసోకు బహుమతి ‘వచ్చింది’. శాస్త్రాలు, కళలు నీతిని చెడగొట్టాయని ఆ వ్యాసంలో ‘అంటాడు’. వ్యాసం ఎప్పుడు తెరిచినా ఆ మాట అక్కడ ఉంటుంది కాబట్టి ఈ రూపం.

‘గది కావాలట’ అని కూడా ఒకచోట కనిపించింది. ‘అట’ విన్నమాటకు గుర్తు. ఒక్కోసారి నమ్మకం లేదన్న ధ్వని కూడా వస్తుంది. స్వయంగా చదివినవారు ‘కావాలంటుంది’ అని ధైర్యంగా రాయవచ్చు.

మరొకరు ‘పెద్ద కథనాలను ఇక నమ్మలేం’ అని రాసి వదిలేశారు. ఆ మాట ఎవరిది? చరిత్ర మొత్తాన్నీ ఒకే సూత్రంతో వివరించే అలాంటి కథనాల పట్ల అపనమ్మకమే ఆధునికోత్తర లక్షణమని 1979లో చెప్పినవాడు ఫ్రెంచి తత్వవేత్త లియోతార్. ఆయన మాటగా చెప్పదలిస్తే ‘నమ్మలేమంటాడు లియోతార్’ అనండి. చదివాక మీరూ ఆ నిర్ణయానికే వస్తే ‘నమ్మలేమని నాకూ అనిపించింది’ అనండి.