ప్రశ్న: హీరో ఇంపల్స్ బైక్‌లో కరిజ్మా బైక్ ఇంజిన్ పెట్టించాక చైన్ ఊడిపోతోంది, స్ప్రాకెట్ (చైన్ తిరిగే పళ్ల చక్రం) పళ్లు ఒక పక్కే అరుగుతున్నాయి

సమాధానం: తప్పు చైన్‌ది కాదు, ఇంజిన్ కూర్చున్న తీరుది. 149 సీసీ ఇంజిన్ ఉన్న చోట 223 సీసీది పెట్టాలంటే మౌంటింగ్ ప్లేట్లు (ఇంజిన్‌ను ఫ్రేముకు బిగించే రేకులు) కొత్తగా చేయిస్తారు. అవి కాస్త తేడా వచ్చినా ముందు స్ప్రాకెట్ లైన్ తప్పుతుంది. కొత్త చైన్ వేసినా ఇదే గతి.

అందరూ స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీది గీతలు చూసి సరిపెట్టుకుంటారు. అవి చక్రం సంగతే చెబుతాయి, ఇంజిన్ సంగతి చెప్పవు.

1. చైన్ తీసి, వెనక స్ప్రాకెట్ ముఖానికి వంకరలేని అల్యూమినియం పట్టీ ఆనించి ముందుదాకా చూడండి.

2. ముందు స్ప్రాకెట్ సమాంతరంగానే ఉండి పక్కకు జరిగిందా? మౌంట్ల దగ్గర స్పేసర్లు (ఎడం కోసం పెట్టే రింగులు) మార్చితే చాలు.

3. ఏటవాలుగా ఉందా? ప్లేట్లు కోయించాల్సిందే. ముందు చుక్క వెల్డింగే పెట్టించండి. చైన్ వేసి, పట్టీతో మళ్లీ చూశాకే పూర్తి వెల్డింగ్. (బ్యాటరీ తీగలు, సీడీఐ (స్పార్క్ ఇప్పించే ఎలక్ట్రానిక్ పెట్టె) సాకెట్ ముందే విప్పేయండి. మెకానిక్ అక్కర్లేదంటాడు, వినకండి.)

4. చివరగా చైన్ బిగుతు చూడాలి. వెనక షాక్ అబ్జార్బర్ కింది బోల్టు విప్పి చక్రం పైకి లేపండి. ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ పివట్ (అది కదిలే కీలు), వెనక చక్రం యాక్సిల్ (ఇరుసు) ఒకే గీతలోకి వచ్చినప్పుడు చైన్ అన్నిటికంటే బిగుతుగా ఉంటుంది. అక్కడ కూడా కొంచెం వదులు మిగలాలి.

ఆర్‌సీలో పాత ఇంజిన్ నంబరే ఉంటే ఆర్టీవో సంగతి కూడా చూసుకోండి, ఇన్సూరెన్స్ క్లెయిమ్ అప్పుడు అదే అడ్డం పడుతుంది.